మస్తానన్న తిట్ల పండగ

పెయింటు డబ్బా మూత ఊడదీస్తున్న చప్పుడు విని వంటింట్లోంచి వరండాలోకి వచ్చాను. క్రిస్మస్ దగ్గర పడుతోందని ముందు గదికి రంగు వేయిస్తున్నాం. పెయింటరు స్క్రూడ్రైవరు మొనను మూత అంచు కింద దూర్చి చుట్టూ జరుపుకుంటూ ఎత్తుతున్నాడు. టప్పు టప్పుమని ఒక్కో పక్కే వదిలి మూత మొత్తం పైకి లేచింది. తడి రంగు వాసన గుప్పుమంది. ఆ వాసనకు ఎవరికైనా తలనొప్పి వస్తుంది. నాకు మాత్రం ఒక కొట్టు గుర్తొస్తుంది. "అక్కా, అయిపోయినాక ఈ డబ్బా నేను ఎత్తుకుపోతా, నీళ్లు పట్టుకునేదానికి" అన్నాడతను. "రంగు మిగిలితే ఎత్తుకుపో. డబ్బా మాత్రం ఇయ్యను" అన్నాను. ఖాళీ డబ్బా కోసం ఈవిడ ఇంత గట్టిగా అరవాలా అన్నట్టు చూశాడు. అతనికి అర్థం కావాలంటే మస్తానన్న గురించి చెప్పాలి.

నెల్లూరు దగ్గర ముత్తుకూరులో, పోర్టుకు వెళ్లే లారీలు మలుపు తిరిగే చోట, మస్తానన్నకు చిన్న పెయింట్ల కొట్టు ఉండేది. ఖాళీ డబ్బాలు పారేయడానికి మనసొప్పక వాటిని మిద్దె మీదికి చేర్చి, మట్టి నింపి, వంగ, మిరప, బచ్చలి పెట్టేవారు. నిజం చెప్పాలంటే ఆయన చేతికి మొక్క నిలవదు. ఉప్పుగాలి ఒకవైపు, లారీల దుమ్ము ఒకవైపు. వాటిని తట్టుకుని నిలిచిన మొక్కను ఆయన ప్రేమ కొద్దీ నీళ్లు పోసి పోసి చంపేవారు. "నా మిరపకు నా మీద నమ్మకం లేదు మా" అని నవ్వేవారు. అయినా ఆ డబ్బాల ఫోటోలు పదిమందికీ చూపించుకోవాలని ఫోనులో ఒక గ్రూపు మొదలుపెట్టి, 'డబ్బాల తోట' అని పేరు పెట్టారు. కొట్టుకు వచ్చే పెయింటర్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు, వాళ్ల చుట్టాలు, ఆ చుట్టాల స్నేహితులు చేరుతూ పోయి, తడ నుంచి తెనాలి దాకా, ఆ పైన గోదావరి దాకా కొన్ని వందల మంది అయ్యారు. అంతమందికీ ఒకే ఒక్క అడ్మిన్ మస్తానన్న. మొక్కల సంగతి తెలియని మనిషి మొక్కల గ్రూపును ఎలా నడిపేవాడంటే, ఆయనకు మొక్కల కంటే వాటి గురించి చెప్పేవాళ్ల మీద ఇష్టం ఎక్కువ. మనుషులు చెప్పేది కూర్చుని వినడం ఆయనకు విసుగనిపించేది కాదు.

నేను ముత్తుకూరులోనే ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పనిచేస్తాను. సరుకు ఆలస్యమైనా, తడిసినా, దారి తప్పినా ఫోన్ చేసి అరిచేవాళ్లకు సమాధానం చెప్పడం నా ఉద్యోగం. అసలే నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పగలంతా పడ్డ తిట్లను సాయంత్రం ఆ గ్రూపులో ఎవరో ఒకరి మీద తీర్చుకునేదాన్ని. ఒకరోజు తెనాలి నుంచి శేషగిరి గారని ఒకాయన, లైబ్రరీలో పనిచేసి రిటైరైన మనిషి, ఒక కరేపాకు మొక్క ఫోటో పెట్టి, రెండేళ్లయినా జానెడు పెరగలేదు, ఏం చేయమంటారు అని అడిగారు. మొక్క చీకటి మూలలో ఉంది. "సార్, మీరు పెట్టిన చోట మొక్కే కాదు, మనిషి కూడా పెరగడు" అని రాశాను. నవ్వు బొమ్మలు బారులు తీరాయి. నేను ఇంకా మురిసిపోతూ ఉండగానే ఆ మెసేజి మాయమైంది, ఫోను మోగింది.

"ప్రమీలమ్మా, నేను మస్తాన్‌ను. నీ మెసేజి పక్కన పెట్టినా. ముందర నన్ను తిట్టాలనుకుంటే తిట్టు మా. ఆనక మాట్లాడుకుందాం."

"తప్పేం రాసినా అన్నా? ఎండ తగలడం లేదనే గదా చెప్పినా."

"ఎండ మాట మంచిదే. దాంట్లో మనిషిని కలిపినావు. ఆయన ఈ గ్రూపులో నోరు తెరిచింది ఇదే మొదలు. ఇంక తెరవడు. మనకు నవ్వు మిగిలింది, ఆయనకు కరేపాకు కూడా మిగల్లేదు."

"అయితే ఏం చెయ్యమంటారు?" అన్నాను బింకంగా. "నేనేం చెప్పను మా. ఆయన నెంబరు గ్రూపులోనే ఉండాది" అని ఫోను పెట్టేశారు. ఆ సాయంత్రమంతా కుతకుతలాడిపోయాను. పెయింట్లు అమ్ముకునే ఈయన నాకు మర్యాద నేర్పేదేమిటి అనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ శేషగిరి గారికి ఫోన్ చేశాను. "అయ్యో, మీరు రాసింది నిజమేనండీ. మా వాటా ఇంట్లో ఎండే రాదు. మా ఆవిడ కూడా అదే అంటుంది, మీరు కూడా అందుకే పొట్టిగా ఉండిపోయారని" అని ఆయనే నవ్వారు. కరేపాకు డబ్బా పక్కవాళ్ల పిట్టగోడ మీదికి చేరింది. శేషగిరి గారు నాకు స్నేహితులయ్యారు.

'పక్కన పెట్టినా' అన్నది మస్తానన్న మాట. తీసేశాను, తొలగించాను అని ఆయన నోట ఎప్పుడూ రాలేదు. తీసేస్తే చెత్తలోకి పోతుంది, పక్కన పెడితే మళ్లీ ఎత్తుకోవచ్చు అనేవారు. తీసిన ప్రతి మాటకూ ఆ మనిషికి ఫోన్ వెళ్లాల్సిందే. ఎందుకు పక్కన పెట్టారో చెప్పి, ఎలా రాస్తే బాగుంటుందో ఆ మనిషి చేతే చెప్పించి, మళ్లీ గ్రూపులో పెట్టించేవారు. కొట్టులో ఎవరో ప్రైమరు కోసం నిలబడి ఉంటే ఈయన ఫోనులో రాజమండ్రి ఆవిడతో బీరపాదు గొడవ తేలుస్తూ ఉండేవారు. గల్లాపెట్టె దగ్గర డిగ్రీ పుస్తకాలు పెట్టుకుని కూర్చున్న వాళ్లమ్మాయి హసీనా, "అబ్బా, బేరం వచ్చింది. అబ్బా, ఫోను పెట్టండి" అని పిలుస్తూ ఉండేది. మొదటిసారి విన్నప్పుడు ఆ పిల్ల విసుక్కుంటోందేమో అనుకున్నాను. వాళ్లింట్లో నాన్నను అలాగే పిలుస్తారని ఆమే నవ్వుతూ చెప్పింది.

శేషగిరి గారు ఒకసారి అలిగారు. ఎక్కడినుంచో వచ్చిన ఒక మందు తయారీ, చీడలన్నీ ఒక్క రోజులో చస్తాయన్నది, గ్రూపులో పెట్టారు. పసిపిల్లలు తిరిగే ఇళ్లలో అలాంటి మందు వద్దని మస్తానన్న పక్కన పెట్టి ఫోన్ చేశారు. మాటా మాటా పెరిగింది. శేషగిరి గారు గ్రూపులోంచి బయటికి వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున మస్తానన్న రాసింది నాకిప్పటికీ కంఠతా వచ్చు. "అందరికీ సలాం. శేషగిరి గారు రాత్రి పోయినారు. నా వల్లనే పోయినారని బాధగా ఉండాది. ఆయన పంపిన దొండ తీగ మా మిద్దె మీద కాస్తానే ఉండాది." మా నెల్లూరు వైపు బడికి పోయినా, బజారుకు పోయినా, అలిగి పోయినా మాట ఒక్కటే. ఇది చదివి మేమంతా అయ్యో అనుకుని ఊరుకున్నాం. కృష్ణా, గోదావరి వాళ్లు మాత్రం ఆత్మకు శాంతి కలగాలని రాయడం మొదలుపెట్టారు. దండం బొమ్మలు వచ్చిపడ్డాయి. మీ వల్ల పోవడమేమిటండీ, అసలేం జరిగింది అని ఒకావిడ నిలదీసింది. ఎవరో పరామర్శించడానికి ఇంటికి ఫోన్ చేస్తే శేషగిరి గారే ఎత్తారు.

సాయంత్రానికి ఆయన గ్రూపులోకి తిరిగి వచ్చి రాశారు: "నేను వెళ్లానండీ, పోలేదు. మా తెనాలిలో ఈ రెండింటికీ చాలా తేడా ఉంది." దాని కింద మస్తానన్న, "మా నెల్లూరోళ్లం ఎన్నిసార్లు పోయినా మళ్లా వస్తాం సార్" అని రాశారు. ఆ రోజు గ్రూపు గ్రూపంతా కడుపుబ్బ నవ్వింది. అప్పటినుంచి ఎవరు అలిగి బయటికి వెళ్లినా 'పోయినారు' అనడం అందరికీ అలవాటైంది. గోదావరి వాళ్లు కూడా సరదాగా అదే రాసేవారు. ఆ మాటకు మా గ్రూపులో ఇంకో అర్థం మిగల్లేదు.

ఇక తిట్ల పండగ. ఆ పేరు కూడా ఆయనదే. కార్తీకం వానలు ఆగి, నారు నిలదొక్కుకున్నాక వచ్చే ఒక ఆదివారం, తాను గ్రూపును ఎలా చూసుకుంటున్నదీ సభ్యులందరూ చెప్పాలి. మెచ్చుకోళ్లు వద్దు, తప్పులే కావాలి. ఆ రోజు ఎవరేం రాసినా ఆయన తీయరు, బదులు చెప్పరు. తన మీద వచ్చిన మాటను తాను ఎన్నటికీ తీయకూడదన్నది ఆయన పెట్టుకున్న నియమం. సోమవారం పొద్దున నుంచి తిట్టిన ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసేవారు. ఒకావిడ, "మగవాళ్లను పేరు పెట్టి గారూ అంటారు, మమ్మల్ని అందరినీ కలిపి అమ్మా అంటారు. మాకు పేర్లు లేవా?" అని రాసింది. ఆ సోమవారం నుంచి గ్రూపులో ఆడవాళ్లందరూ పేరుతో గారు అయ్యారు. ఇంకొకాయన, "మీరు ఫోన్ చేస్తే వదలరు. మొన్న మా పొయ్యి మీద అన్నం మాడిపోయింది" అన్నారు. ఆ తర్వాత ఫోను ఎత్తగానే "పొయ్యి మీద ఏమన్నా ఉండాదా?" అని అడగడం మొదలుపెట్టారు.

"ఎందుకన్నా ఇది? పనిగట్టుకుని తిట్టించుకుంటారా ఎవరైనా?" అని ఒకసారి కొట్టులో అడిగాను. ఆయన రంగు కలిపే కర్రను గుడ్డతో తుడుస్తూ చెప్పారు. "ఇంతమంది మాటలు నేను పక్కన పెడతా ఉండా గదా మా. నా తప్పును పక్కన పెట్టేదానికి నాకెవురుండారు? వాళ్లే గదా." ఆ వెంటనే బేరం చూసుకోవడానికి లేచారు. నేను మాత్రం ఆ తర్వాత ఆఫీసులో ఫోను ఎత్తినప్పుడు, అవతలివాళ్లు అరవడం పూర్తయ్యేదాకా కంప్యూటరు వైపు చూడడం మానేశాను. పూర్తిగా వింటే సగంమంది చివర్లో గొంతు తగ్గిస్తారని అప్పుడే తెలిసింది.

నిరుడు వానాకాలం మొదలయ్యేసరికి మస్తానన్న చిక్కిపోయారు. కిడ్నీలన్నారు. చెన్నైకి తిరగడం మొదలైంది. కొట్టు హసీనా మీద పడింది. గ్రూపులో ఎవరికీ చెప్పలేదు, నాకు కూడా కొట్టు తలుపులు తరచుగా మూసి ఉండడం చూసి అడిగితేనే చెప్పారు. గ్రూపులో పనులు గాడి తప్పాయి. మెసేజిలు మాయమయ్యేవి, ఫోను వచ్చేది కాదు. చేర్చమని అడిగినవాళ్లు వారాల తరబడి ఎదురుచూసేవారు. విత్తనాలు అమ్ముకునేవాళ్లకూ మిగతావాళ్లకూ పెద్ద గొడవ లేస్తే, ఆయన ఏం చేయాలో తోచక, తాను తప్ప ఇంకెవరూ రాయడానికి వీల్లేకుండా గ్రూపుకు తాళం వేసి చెన్నై వెళ్లారు. వారం రోజుల దాకా ఆ తాళం తీయలేదు. సభ్యులు ఒకరికొకరు ఫోన్లు చేసుకుని మండిపడ్డారు.

ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా, నన్ను అడ్మిన్ చేసినట్టు ఫోనులో కనపడింది. వెంటనే ఆయన ఫోను. వెనక మైకులో అరవంలో ఎవరెవరి పేర్లో పిలుస్తున్నారు. ఆయన గొంతు సన్నగా ఉంది.

"నేనా అన్నా? నా నోరు తెలుసు గదా మీకు."

"తెలిసే ఇచ్చినా. తాళం తీసినా మా. ఈ ఆదివారం తిట్ల పండగ."

"ఈ సారికి ఆపుదామన్నా. లేదంటే ఆసుపత్రిలో ఉండారని ఒక్క మాట రాస్తా."

"రాయబాక" అన్నారు. కాసేపు ఊపిరి తీసుకుని, "రాస్తే అందరూ దేవుడు చల్లగా చూడాలని రాస్తారు. దాంతో నాకేం తెలుస్తాది? ఈ ఏడు నేను సరిగా చూసుకోలేదు. ఎంత చెడిందో వాళ్లే చెప్పాల. జాలి కలిసిందంటే ఇంక నిజం తెలీదు. మాట ఇయ్యి మా" అన్నారు. మాట ఇచ్చాను. ఇవ్వకుండా ఎలా ఉండగలను?

ఆదివారం చర్చి అయ్యాక బయట మెట్ల మీద కూర్చుని ఫోను తెరిచాను. తిట్లు కుప్పలుగా ఉన్నాయి. తాళం వేయడానికి ఇది మీ కొట్టా అన్నారు. తమవాళ్లకో రూలు, మాకో రూలు అన్నారు. శేషగిరి గారు పెద్దగా రాశారు. "ఇదివరకు మస్తాన్ గారు ఒక్క ముక్క తీసినా ఫోన్ చేసి చెప్పేవారు. ఆ ఫోన్ కోసమైనా ఏదో ఒక తప్పు రాయాలనిపించేది. ఇప్పుడు చెప్పాపెట్టకుండా తీసేస్తున్నారు. మనం ఆయనకు బరువైపోయాం కాబోలు. ఆయన మారిపోయారు." నా వేళ్లు తొందరపడ్డాయి. ఆసుపత్రి అన్న మాట సగం రాసి చెరిపేశాను. మాట ఇవ్వడం ఎంత కష్టమో ఆ మెట్ల మీద తెలిసింది.

సోమవారం పొద్దున అందరూ ఫోను కోసం ఎదురుచూశారు. రాలేదు. ఏటా వచ్చే ఆ ఫోను కూడా రాకపోయేసరికి కోపం రెట్టింపైంది. భోజనాల వేళకు నలుగురు గ్రూపు వదిలేశారు. మరికాసేపటికి మస్తానన్న నెంబరు నుంచి ఒకే ఒక్క వాక్యం వచ్చింది.

"అబ్బా పోయినారు."

నేను నవ్వాను. లేచి కూర్చుని ఎకసెక్కాలాడుతున్నారంటే ఒళ్లు కుదుటపడ్డట్టే అనుకుని మనసు తేలికపడింది. గ్రూపులోవాళ్లూ అలాగే చదివారు, కాకపోతే వాళ్లకు మండింది. కొందరు నవ్వు బొమ్మలు పెట్టారు. మనం పోతే ఈయనకు ఎంత హాయిగా ఉందో చూడండి అని ఒకరు. "పోయినవాళ్లే అదృష్టవంతులు. ఉన్నవాళ్లం ఈ అహంకారాన్ని భరించాలి" అని శేషగిరి గారు రాసి, ఆయన కూడా గ్రూపు వదిలేశారు. అప్పుడు నాకు గల్లాపెట్టె దగ్గరి గొంతు వినపడింది. అబ్బా, బేరం వచ్చింది. అబ్బా, ఫోను పెట్టండి.  ఫోన్ చేశాను. హసీనా ఎత్తి, "నిజమే అక్కా" అంది. వెనక మైకులో అరవంలో ఎవరి పేరో పిలుస్తూనే ఉన్నారు.

"పైన రాసింది హసీనా. అబ్బా అంటే వాళ్ల నాన్న. మస్తానన్న చెన్నై ఆసుపత్రిలో చనిపోయారు" అని గ్రూపులో రాశాను.  తర్వాత ఒక్కొక్కరే తాము పెట్టిన నవ్వు బొమ్మల్ని తీసేసుకోవడం మొదలుపెట్టారు. శేషగిరి గారి వాక్యం మాత్రం అలాగే ఉండిపోయింది. గ్రూపు వదిలిన మనిషి తన మాటను తాను తీసుకోలేడు.

మస్తానన్నను మర్నాడు ముత్తుకూరు ఖబరస్తాన్‌లో మట్టి చేశారు. వారం తర్వాత వాళ్లింటికి వెళ్తే హసీనా మిద్దె మీద ఉంది. డబ్బాల్లో మిరప మొక్కలు గుబురుగా పెరిగి కాయలతో వంగిపోయి ఉన్నాయి. నీళ్లు పోసే చేయి లేదు, వానే సరిపోయింది. "అబ్బా లేకపోతేనే కాస్తా ఉండాయి చూడక్కా" అంది. అని, ఎప్పటినుంచో లోపల పెట్టుకున్నది బయటపెట్టింది.

"నేను రాసింది తప్పా అక్కా? ఆ ఆసుపత్రిలో నిలబడి అంతకంటే రాయలేకపోయినా. అబ్బా పోయినారని రాస్తే వాళ్లు నవ్వినారు. ఇంతమంది కోసం అబ్బా గొంతు పోయేదాకా మాట్లాడినాడే, వాళ్లు నవ్వినారక్కా. గ్రూపు మూసేస్తా."

నేను ఎంత చెప్పినా ఆమె తలెత్తలేదు. చివరికి నా ఫోనులో ఆ వాక్యం తీసి ఆమె చేతికిచ్చాను. "దీన్ని నీ మాదిరి కాదు, నువ్వెవరో తెలీనోళ్ల మాదిరి చదువు. అప్పుడే నలుగురు అలిగి పోయినారు. పంపింది అబ్బా నెంబరు. ఇప్పుడు పైకి చదువు" అన్నాను. "అబ్బా పోయినారు" అని మెల్లగా చదివింది. మళ్లీ చదివింది, ఈసారి 'అబ్బా' దగ్గర ఊపిరి వదిలి. చేత్తో నోరు మూసుకుంది. "పీడ వదిలింది అన్నట్టుండాది గదక్కా!" "అట్టనే చదివినారు. నేను కూడా అట్టనే చదివినా." హసీనా ఒక్కసారిగా నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది. "అబ్బా ఉంటే దీనికి ఎంత నవ్వేవాడో" అంటూ నా భుజం మీద పడి వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మేమిద్దరం నిజంగా ఏడ్చింది ఆ రోజే.

కళ్లు తుడుచుకున్నాక తనే చెప్పింది. ఆదివారమంతా మంచం పక్కన కూర్చుని అందరి తిట్లూ తనే చదివి వినిపించిందట. తాళం మాట విని ఆయన తల ఊపారట. శేషగిరి గారిది రెండుసార్లు చదవమన్నారట. "'శేషగిరి గారు నిజం చెప్పినాడు. రేపు మొదట ఆయనకే ఫోన్ చెయ్యాల. ఫోనుకు ఛార్జింగు పెట్టు' అని నిద్రపోయినాడక్కా" అంది. గ్రూపు మూసే మాట ఆమె మళ్లీ ఎత్తలేదు.

ఆ వచ్చిన సోమవారం ఆఫీసుకు సెలవు పెట్టి, మస్తానన్న చేయాల్సిన ఫోన్లన్నీ నేను చేశాను. మొదటిది శేషగిరి గారికి. ఆ వాక్యం తీసేయండి, తీసేయండి అని ఆయన అప్పటినుంచీ నాకు రాస్తూనే ఉన్నారు. నేను బదులివ్వలేదు. తన మీద వచ్చిన మాట తీయకూడదన్న మనిషి లేనప్పుడు, ఆయన మీద మాట తీయడానికి నేనెవరిని అని నా బాధ.

"చచ్చిపోయానని నన్ను అందరూ ఏడిపించిన మాటేనండీ అది" అన్నారు శేషగిరి గారు. "ఆ మాట నెల్లూరులో ఎలా వాడతారో అందరికంటే నాకు బాగా తెలియాలి. నేనే చూసుకోలేదు. అలాంటి మనిషిని పట్టుకుని అహంకారం అన్నాను ప్రమీల గారూ." ఆదివారం మస్తానన్న ఏమన్నారో, మొదటి ఫోను ఎవరికి చేయాలనుకున్నారో చెప్పాను. ఆ మాట ఆయన రెండోసారి చెప్పించుకున్నారు. తర్వాత, "అయితే ఉంచేయండి. ఆయనైతే తీసేవారు కాదు" అన్నారు.

అప్పుడు నాకు దారి కనపడింది. "ఆదివారం మీరు రాసింది ఆయన మీద మాట సార్. ఆయన విన్నారు, నిజమన్నారు. అది ఉంచుతా. సోమవారం రాసింది ఆయన మీద మాట కాదు. హసీనా ఏడుపును మనమంతా తప్పుగా చదివినాం. దాన్ని పక్కన పెడతా" అన్నాను. నా నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. "పక్కన పెట్టినా సార్" అని మళ్లీ అన్నాను. "ఫోన్ చేసి మరీ చెబుతున్నారు" అని ఫోను పెట్టేశారు. సాయంత్రం గ్రూపులోకి తిరిగి వచ్చారు. హసీనాకు కూడా ఫోన్ చేశారని తర్వాత తెలిసింది.

రేపు ఆదివారం మళ్లీ తిట్ల పండగ. పెయింటరు వెళ్లిపోయాడు. డబ్బా కడిగి, అడుగున చిల్లులు పెట్టి, ఎండకు బోర్లించాను. రేపు నన్నేమంటారో కొంత తెలుసు. ఈవిడకు కోపమెక్కువ అంటారు, మస్తాన్ గారిలా ఓపిక లేదంటారు. రెండూ నిజమే. ఒక మాట మాత్రం మా గ్రూపులో ఇప్పుడెవరూ రాయరు. ఎవరూ చెప్పకుండానే మానేశారు. అలిగినవాళ్లు వెళ్తారు, బయటికొస్తారు, మళ్లీ చేరతారు. నెల్లూరు వాళ్లం కూడా తెనాలి వాళ్లలాగే రాస్తున్నాం. 'పోయినారు' అన్నది ఆయనొక్కడికే ఉంచేశాం. రోడ్డు మీద ఎవరైనా ఊరికే ఆ మాట అంటే, బస్సు గురించైనా సరే, నేను తల తిప్పి చూస్తాను.

ఎల్లుండి పొద్దున ఫోన్లు చేయాలి. తిట్టినా తిట్టకపోయినా మొదటి ఫోను శేషగిరి గారికే. రాత్రికే ఛార్జింగు పెట్టుకోవాలి.